ఉంగరం వేలి గోరు
ఇంజనీరింగ్ వైవాల నుంచీ నాకు గోళ్లు కొరికే అలవాటు. నిశ్చితార్థంలో అందరి కళ్లూ వేళ్ల మీదే కదా! తార్నాకలో జెల్ టిప్స్, బుల్లి యూవీ ల్యాంప్ కొనుక్కుని ఓయూలో చదివే చెల్లి దగ్గరికెళ్లా.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర చెట్టు నీడలో కూర్చోబెట్టింది. ఎండ తగిలినా జెల్ గట్టిపడుతుందట. గోటి మెరుపు పోయేదాకా మెల్లగా రుద్ది, టిప్ లోపల జెల్ పూసి, గాలిబుడగ లేకుండా నొక్కి, 60 సెకన్లు ల్యాంప్ కింద పెట్టించింది. చర్మానికంటిన జెల్ ముందే తుడిచేసింది, అలర్జీ వస్తుందని. పొట్టిగా కత్తిరించి లేత గులాబీ పాలిష్ వేస్తే అచ్చం నా గోళ్లే!

ఫంక్షనైన నాలుగో రోజు, ప్రొడక్షన్ ఇష్యూ టెన్షన్‌లో ఒకటి పళ్లతో పీకేశా. నా గోటి పొర కూడా లేచొచ్చింది. మిగతావి అసిటోన్‌లో 15 నిమిషాలు నానబెట్టి తీశా.

వీడియో కాల్‌లో చూపిస్తే, ఆయన నవ్వుతూ తన వేళ్లు చూపించారు. ఆయనా కొరుకుతారట.