సగం రొట్టె

ప్రొద్దుటూరులో బస్సెక్కేటప్పుడు బంగారం అంగళ్ల తళుకే కళ్లలో ఉంది. జమ్మలమడుగులో బస్సు మారి, పెన్న దాటి, ముద్దనూరు మీదుగా పులివెందులకు ప్రయాణం. పక్క సీట్లో ఒక అవ్వ. మూట విప్పి, జొన్నరొట్టె తుంచి, అడక్కుండానే సగం నా చేతిలో పెట్టింది.

"తిను నాయనా. ఆకలితో దావ నడవగూడదు."

మాటల్లో కరువులొచ్చాయి. "ధాత కరువులో చింతగింజలు ఉడకేసుకొని తిన్న్యారంట, మా జేజి చెప్పేది" అంది. అది 1876 నాటిది. అప్పుడు కరువు పనుల్లో మట్టి మోసిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ దొర లెక్కగట్టాడు. తట్టలు మోసే ఒంటికి అది ఏ మూలకు?

దానికి పదేళ్ల ముందు, 1866 కరువులో, జమ్మలమడుగుకు ఉత్తరాన ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపిందని గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే పతకం కంటే, పని చేయించకుండా, తూచకుండా పోసిన ఆ గంజే పెద్దది.

"రెండు రూపాయల బియ్యం వచ్చినాక పొయ్యి ఆరలేదులే. చెనిక్కాయ ఎండిన ఏడు మాత్రం అప్పే" అంది అవ్వ.

పులివెందులలో దిగుతుంటే మిగిలిన సగం కూడా ఇచ్చేసింది.

"మరి నీకో అవ్వా?"

"ఇంటికాడ సంగటి ఉండాదిలే, పో."