నాలుగు వైర్ల పని

కారుకి ట్రైలరు తగిలించగానే ఒక చిక్కు వస్తుంది. కారు వెనక దీపాలు ట్రైలరు చాటున పడిపోతాయి. మనం బ్రేకు వేసినా, లేను మారడానికి సిగ్నలు ఇచ్చినా వెనక వచ్చేవాళ్ళకి సరిగా తెలియదు. అందుకే కారు దీపాలు చెప్పే మాటే ట్రైలరు దీపాలూ చెప్పాలి. ఆ మాట మోసుకెళ్ళేది నాలుగు వైర్ల కట్ట. ఇక్కడ దాన్ని వైరింగ్ హార్నెస్ అంటారు.

మా అమ్మాయికి ఆస్టిన్‌లో యూనివర్సిటీ సీటు వచ్చాక మాకీ విద్యతో పని పడింది. మేముండే ప్లేనో నుంచి అక్కడికి 200 మైళ్ళ పైనే. మంచం, బల్ల, పుస్తకాలు, వాళ్ళమ్మ సర్దిన పచ్చడి సీసాలు అన్నీ మినీవ్యాన్‌లో పట్టవు. ఒక మిత్రుడు తన చిన్న ట్రైలరు ఇస్తానన్నాడు. మా బండి 3500 పౌండ్లు లాగగలదని మాన్యువల్‌లో ఉంది, హిచ్ కూడా ఉంది. లేనిదల్లా వైరింగే.

షాపులో అడిగితే సామాను ఖరీదు కన్నా కూలి ఎక్కువ చెప్పారు. గుంటూరులో ఉన్న మా అమ్మేమో ఫోనులో, "కరెంటుతో నీకెందుకురా, ఎవరినైనా పిలిచి చేయించుకో" అంది. అయినా మేమే చేద్దామనుకున్నాం. డబ్బు ఒక్కటే కారణం కాదు. నా చిన్నప్పుడు మా మేనమామ రాత్రిపూట స్కూటరు మీద వస్తూ, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కుని గుద్దేశాడు. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్ళీ మామూలు కాలేదు. ఈసారి మా ట్రైలరు వెనకాల, తన కారు తను నడుపుకుంటూ రాబోయేది మా అమ్మాయే. కాబట్టి ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో మా ఇద్దరికీ తెలియాలనిపించింది.

రంగులు గుర్తుపెట్టుకోవడం తేలిక. తెలుపు గ్రౌండు. గోధుమరంగు రాత్రి వెలిగే టెయిల్ లైట్లకి. పసుపు ఎడమవైపు, ఆకుపచ్చ కుడివైపు. బ్రేకు, సిగ్నలు రెండూ ఆ ఒక్కొక్క వైరులోనే వెళ్తాయి. ఇలాంటి చిన్న ట్రైలర్లలో రెంటికీ ఒకటే ఎర్రదీపం. మా బండిలోనేమో సిగ్నలుకి పసుపుదీపం, బ్రేకుకి ఎర్రదీపం వేరువేరుగా ఉన్నాయి. ఈ రెండు పద్ధతులనీ కలిపేది కన్వర్టరు అనే చిన్న పెట్టె. మా బండి మోడల్‌కి సరిపడే కిట్టులో అదీ వచ్చింది. వైర్లు కోసే పని లేదు. టెయిల్ లైటు వెనకున్న ప్లగ్గు ఊడదీసి, మధ్యలో కిట్టు ప్లగ్గు పెట్టి మళ్ళీ కలపడమే.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాం. 12 వోల్టులు మనిషిని ఏమీ చేయకపోయినా, షార్టయితే వైరు కాలిపోతుంది. వెనక డిక్కీలో పక్కనుండే ప్లాస్టిక్ పలకలు విప్పి రెండువైపులా ప్లగ్గులు కలిపాం. ఆకుపచ్చ వైరుని అంచు పలక కిందుగా కుడివైపుకి లాగాం. తెల్లవైరు పెట్టేచోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది స్క్రూ బిగించింది అమ్మాయి. కన్వర్టరుకి కరెంటు ఇచ్చే వైరుని బండి కిందుగా బ్యాటరీదాకా తీసుకెళ్ళాలి. సైలెన్సరు గొట్టం వేడి తగలకుండా, కదిలే భాగాలకి దూరంగా కట్టుకుంటూ వెళ్ళాం. ఎక్కువ సమయం తిన్నది ఆ పనే. ఫ్యూజు మాత్రం అన్నీ అయ్యాక, ఆఖరున పెట్టాం.

టెస్ట్ లైటుతో చూస్తే కారు వైపు అంతా సరిగ్గా ఉంది. ట్రైలరు తగిలించాక మాత్రం తమాషా మొదలైంది. ఎడమ సిగ్నలు వేస్తే కుడివైపు దీపం కూడా మసకమసగ్గా కొట్టుకుంటోంది. "కారు వైపు బాగానే ఉందిగా నాన్నా, అయితే తేడా ట్రైలర్లోనే" అంటూ అమ్మాయి కిందికి దూరింది. ట్రైలరు చట్రానికి బిగించిన తెల్లవైరు స్క్రూ తుప్పు పట్టిపోయింది. గ్రౌండు సరిగా లేకపోతే కరెంటు తిరిగి వెళ్ళడానికి పక్కదీపంలోంచి దారి వెతుక్కుంటుంది. గరుకు కాగితంతో రుద్ది కొత్త స్క్రూ వేయగానే దీపాలు సర్దుకున్నాయి.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి రెండు మాటలు. కొన్ని బళ్ళకి కంపెనీవాళ్ళే ట్రైలరు ప్లగ్గు పెట్టి ఇస్తారు, కొనేముందు అది చూసుకోండి. ఈ నాలుగు వైర్లు దీపాలకే. ఎలక్ట్రిక్ బ్రేకులున్న బరువైన ట్రైలరుకి ఏడు పిన్నుల ప్లగ్గు, బ్రేకు కంట్రోలరు కావాలి. ఇక తగిలించిన ప్రతిసారీ ఒకరు వెనక నిలబడి చూడాల్సిందే.

బయలుదేరిన రోజు పొద్దున్నే ఆ పని అమ్మాయిదే. నేను లోపల కూర్చుని ఒక్కొక్కటీ వేస్తుంటే, "ఎడమ... కుడి... బ్రేకు" అని అరుస్తూ చెప్పింది. ఐ-35 మీద వేకో దగ్గర ముందు బళ్ళన్నీ ఉన్నట్టుండి ఆగాయి. నేనూ గట్టిగా బ్రేకు తొక్కి, వెంటనే అద్దంలోకి చూశాను. తన కారు తగినంత దూరంలో, నింపాదిగా ఆగి ఉంది.