తండేలు మన మాటే

పలాస నుంచి వచ్చినవాణ్ణి జీడిపప్పేదని అడగనివాళ్లుండరు. ఇదిగో పొట్లం. నములుతూ వినండి, దీంతోపాటు ఒక మాట కూడా తెచ్చాను: తండేలు.

2025 ఫిబ్రవరిలో నాగచైతన్య సినిమా ‘తండేల్’ వచ్చినప్పుడు ‘తండేల్ అంటే ఏటి బావూ?’ అని అడగని చోటు లేదు. గుజరాతీ మాటట అని ఒకరు, నాయకుడట అని మరొకరు. వల్సాడ్, డామన్ తీరాల్లో అది ఇంటిపేరు కూడాను. అయితే 1886లో యూల్, బర్నెల్ దొరలు అచ్చు వేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ‘టిండల్’ అన్న చోట చూడండి. మలయాళం ‘తండల్’ పక్కనే తెలుగు ‘తండేలు’ కనిపిస్తుంది. పడమటి తీరం నుంచి కొత్తగా దిగిందనుకున్న సరుకు దాదాపు నూట నలభై ఏళ్ల కిందటే మన పద్దులో ఉందన్నమాట!

మరి పుట్టుక? అక్కడే తగువు. మలయాళంలో ‘తండు’ అంటే తెడ్డు, దాన్ని లాగేవాడు తండల్ అని ఒక వాదం. కాదు, మనుషుల వరస అనే అర్థమున్న మాటలోంచి వచ్చిందని ఇంకొకటి. నేను రెండోవాళ్ల పక్షం. ఎందుకంటే ఓడ మీద లస్కర్ల పెద్దనే కాదు, ఫిరంగుల శాఖలో పనివాళ్ల పెద్దనీ, రోడ్లూ కట్టడాల దగ్గర కూలీల ముఠా మేస్త్రీనీ అదే పేరుతో పిలిచేవారు. గట్టుమీద తెడ్డుతో ఏం పని? నీళ్లమీద పుట్టిన మాట గట్టెక్కకూడదా అంటారేమో, సరే, మీ ఇష్టం. ఓడలో తండేలుకి పైవాడు సరంగు. గోదావరి లాంచీ ఎక్కినవాళ్లకి ఆయన తెలుసు.

ఇప్పుడు మా పలాస చుట్టుపక్కల ఉద్దానానికి వద్దాం. ఉద్యానవనమే ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చూస్తే నమ్మబుద్ధేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని వేళ్లతో పెకలించి పారేసింది. ఆ తోటలు దాటితే కెరటమే. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముంది గాని, పెద్ద మరబోట్లు నిలిపే రేవులు లేవు. అందుకే ఇక్కడి జాలరి గుజరాత్‌లోని వేరావల్‌కి రైలెక్కుతాడు. అక్కడ బోటు యజమాని గట్టునే ఉంటాడు. సముద్రంలో వారాల తరబడి అందరి మంచీ చెడూ తండేలుదే. ఏ నీళ్లలో వల వెయ్యాలి, ఎప్పుడు తిప్పుకు రావాలి, బియ్యం ఎన్నాళ్లొస్తాయి, అన్నీ ఆయన లెక్కే. చాలాసార్లు ఊళ్లో అడ్వాన్సులిచ్చి కళాసీల్ని కూడగట్టేదీ ఆయనే.

2018 నవంబరులో అలా వెళ్లిన మనవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపాక, 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. సినిమా కథకి మూలం అదే. సర్ క్రీక్ దగ్గర సరిహద్దు ఎక్కడన్నది రెండు దేశాలకే నేటికీ తేలలేదు. అర్ధరాత్రి వల లాగుతున్న మనిషి నీళ్లమీద గీతని ఏం చూస్తాడు చెప్పండి?

వాళ్లని పత్రికలు ‘సాహసికులు’ అన్నాయనుకోండి, పొగడ్తే. కానీ పాత ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలాత్కారంతో చేసే నేరం. ఎదుటపడి లాక్కుంటే సాహసం, చాటుగా తీస్తే దొంగతనం అని కౌటిల్యుడు విడదీశాడు. మనుస్మృతిలో జరిమానాలకే ఆ పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమం 500, ఉత్తమం 1000. పొట్టకూటికి వెళ్లి పరాయి జైల్లో కూర్చున్నవాళ్లకి ఆ బిరుదు పాత అర్థంతో అంటుకుంటే ఎంత అన్యాయం! తండేలే నయం. అది బిరుదు కాదు, పని పేరు.

2023 ఏప్రిల్‌లో టెక్కలి దగ్గర మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఉద్యోగాలొస్తాయంటున్నారు, సంతోషం. సరుకు ఓడల పోర్టు కదా, పైలట్లుంటారు, క్రేన్ ఆపరేటర్లుంటారు. ఆ జాబితాలో తండేలు పోస్టు మాత్రం ఉండదు లెండి. ఆగస్టులో పడమటి సముద్రంలో వేట తెరుచుకోగానే వేరావల్ రైలు ఎప్పటిలాగే నిండుతుంది.