ఐదంతస్తుల నాన్న

నిమ్మాడ కూడలిలో నిలబడితే పట్నం ఎంత దూరమో చెప్పలేకపోవచ్చు గానీ, ఎటు వైపు ఉందో మాత్రం పసిపిల్లాడైనా చెప్పేస్తాడు. శ్రీకాకుళం వైపు ముఖం పెట్టిన బస్సు ఎక్కితే వైజాగ్. టెక్కలి వైపు వెళ్ళేదెక్కి పలాసలో దిగితే రైలు. ఆ రైలు ఎక్కడికైనా తీసుకుపోతుంది. ఊరు జాతీయ రహదారి పక్కనే. ఇప్పుడు పదహారో నంబరంటున్నారు, పెద్దవాళ్ళకి ఇంకా అది ఐదో నంబరే. కోల్‌కతా నుంచి చెన్నై దాకా పోయే లారీలు రాత్రీ పగలూ పోతూనే ఉంటాయి. వాటి వెనక రాసిన ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న పిల్లలకి పట్నం మీద మనసు పోకుండా ఎలా ఉంటుంది?

ఈ మోజు ఇవాళ్టిదీ కాదు. వందేళ్ళ కిందట ఈ తీరంవాళ్ళకి మహానగరమంటే మద్రాసు కాదు, కలకత్తా కూడా కాదు. రంగం! అంటే రంగూన్. కళింగపట్నంలోనో బారువలోనో స్టీమరెక్కి సముద్రం దాటితే బర్మా. రేవుల్లో మూటలు మోయడానికీ, బియ్యం మిల్లుల్లో పనికీ వేలమంది వెళ్ళారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాక అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చినవాళ్ళు వచ్చారు. రానివాళ్ళు రాలేదు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. ఇంట్లోవాళ్ళు రంగాన్ని కథల్లో విన్నారే తప్ప కళ్ళతో చూసింది లేదు. టేకు పెట్టె ఇంటికొచ్చింది, గొడుగు వచ్చింది, ఊరు మాత్రం సముద్రం అవతలే ఉండిపోయింది.

తర్వాత్తర్వాత రంగం పోయి ఖరగ్‌పూర్, అండమాన్, వైజాగ్, హైదరాబాద్ వచ్చాయి.

వీటిల్లో వైజాగ్ దగ్గరిది. సుమారు 150 కిలోమీటర్లు. కానీ ఇటువైపు చాలా కుటుంబాలకి వైజాగ్ అంటే ముందు గుర్తొచ్చేది బీచి కాదు, కేజీహెచ్. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు ఆ ఆసుపత్రి మెట్లెక్కి దిగాయో! పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచింది 2023 డిసెంబరులో. అంతకుముందు రక్తపరీక్షకి బయల్దేరిన పెద్దాయనతోపాటు ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళు. రిపోర్టు సాయంత్రానికి వస్తుందంటే, ఈలోపు పిల్లల్ని ఆర్కే బీచికి తీసుకెళ్ళి, ఒడ్డు మీద పెట్టిన కురుసుర జలాంతర్గామిని చూపించి, చెరొక మొక్కజొన్న పొత్తు కొనిపెట్టేవాళ్ళు. పట్నం చూశామన్న సంబరం, రిపోర్టులో ఏముందోనన్న బెంగ... రెండూ ఒకే బస్సులో ఇంటికొచ్చేవి.

ఇలాంటి చోట పెరుగుతున్న పదేళ్ళ కుర్రాడొకడు తన బడిలో ఒక మాట అనేశాడు. ‘‘మా నాన్నకి హైదరాబాద్‌లో ఐదంతస్తుల మేడుంది.’’

వాడు కావాలని అబద్ధం చెప్పలేదు. తాతా నాన్నమ్మల దగ్గర నిమ్మాడలో ఉంటాడు. అమ్మానాన్నల్ని రోజూ చూస్తాడు, ఫోన్లో. వీడియో కాల్‌లో నాన్న ముఖం వెనక ఎప్పుడూ కార్లే. ఎర్రది, తెల్లది, నీలంది. ఒకసారి నాన్న ఫోను తిప్పి పై దాకా చూపించాడు. ‘‘ఇక్కడే మేముండేది.’’ వాడు అంతస్తులు లెక్కపెట్టుకున్నాడు. ఐదు. నాన్న ఉండే మేడ నాన్నది కాకపోతే ఎవరిదవుతుంది?

అసలు సంగతి వేరే. పిల్లాడి అమ్మది ఉద్దానం. పుట్టింటివాళ్ళకి కొబ్బరితోట. ఆ కాయల వ్యాపారమే అల్లుడికీ ఆధారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడింది. తెల్లారేసరికి కొబ్బరీ జీడీ పనసా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వరి పోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు. కొబ్బరి పోతే కొత్త మొక్క కాపుకి రావడానికి ఐదారేళ్ళు పైమాటే. అన్నాళ్ళు అప్పులవాళ్ళు ఆగుతారా? మరుసటి సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే మొగుడూ పెళ్ళాం హైదరాబాద్ రైలెక్కేశారు. మియాపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర పలకరించి చూడండి, శ్రీకాకుళం యాస తరచుగానే వినబడుతుంది. అతనికి గేటు, నీళ్ళ మోటారు, కార్లు కడగడం. ఆమెకి నాలుగిళ్ళలో పాచిపని. ఇద్దరికీ కలిపి మెట్ల కింద ఒక గది. అందులో ముగ్గురు పడుకుంటే నాలుగోవాళ్ళు కూర్చోవాలి. అందుకే పిల్లాడు ఊళ్ళో.

2024 మే 13న ఎన్నికలు. హైదరాబాద్ నుంచి ఆంధ్రా ఊళ్ళకి సంక్రాంతి జనంలా జనం తరలిపోయారు. వీళ్ళూ ఓటేయడానికి వచ్చారు. తిరుగు ప్రయాణం రోజున పిల్లాడు బ్యాగు సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ‘‘సెలవులే కదా, నేనూ వస్తాను. మేడ చూస్తాను.’’ ఇలా కాదని ముసలివాళ్ళిద్దరూ కూడా బయల్దేరారు. పనసకాయ ఒక సంచిలో, ఎండు నెత్తళ్ళు మరో సంచిలో. సెక్రటరీ గారికివ్వడానికి పలాస జీడిపప్పు అరకిలో. పలాసలో జనరల్ బోగీ. రిజర్వేషన్ ఎవరికి దొరికింది గనక!

అనకాపల్లి దాటాక నాన్నమ్మ కొడుకు చెవిలో అసలు మాట వేసింది. ‘‘గుంటడు బడిలో నీకు ఐదంతస్తుల మేడుందని సెప్పీసినాడురా.’’

వరంగల్ వచ్చేదాకా అతను మళ్ళీ మాట్లాడలేదు.

గేటు దగ్గర ఆటో దిగగానే పిల్లాడు తల పైకెత్తి అంతస్తులు లెక్కపెట్టాడు. సరిగ్గా ఐదే. ‘‘మనది ఏ అంతస్తు నాన్నా?’’

‘‘కింద.’’

పిల్లాడు మెట్ల కింద గది చూశాడు. గ్యాసు స్టవ్వు, మంచం, గోడకి వేలాడుతున్న తాళాల గుత్తులు. కాసేపు ఆలోచించి అడిగాడు. ‘‘అయితే పైనున్నవాళ్ళంతా అద్దెకున్నోళ్ళా?’’

‘‘కొంతమంది’’ అన్నాడు నాన్న. అది అబద్ధం కాదు.

మర్నాడు ఐదింటికి పిల్లాడికి మెలకువొచ్చింది. నాన్న బకెట్టూ గుడ్డా పట్టుకుని ఎర్ర కారు తుడుస్తున్నాడు. తర్వాత తెల్లది. తర్వాత నీలంది. ఫోన్లో చూసిన కార్లే అన్నీ. వాడు వెళ్ళి ఇంకో గుడ్డ తీసుకున్నాడు. నాన్న ఆ గుడ్డ లాగేసుకున్నాడు. కోపంగా కాదు, గబగబా. ‘‘నువ్వెళ్ళి లిఫ్టెక్కు.’’

లిఫ్టు! పిల్లాడికి హైదరాబాద్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. ఐదుసార్లు ఎక్కి ఐదుసార్లు దిగాడు. నాలుగో అంతస్తు ముసలావిడని ‘‘ఎన్నో నంబరు నొక్కాలండీ?’’ అని అడిగి మరీ దింపాడు. ఆవిడ బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చింది. ఎనిమిది గంటలకి నాన్న గేటు తెరవబోతే రెండో రెక్క వాడు పట్టుకుని తోశాడు. కారు వెళ్ళిపోయాక ఇద్దరూ చెరో రెక్కా మూశారు. ఈసారి నాన్న ఏమీ అనలేదు.

నెత్తళ్ళ కూరతో మాత్రం పెద్ద గొడవే అయింది. మెట్ల కింద వండితే వాసన ఎక్కడికి పోతుంది? మెట్లెక్కి పైకే పోతుంది. సెక్రటరీ గారు కిందికొచ్చి, ‘‘చుట్టాలొస్తే నాలుగు రోజులకి మించి ఉండకూడదని రూలుంది, గుర్తుందా?’’ అని నెమ్మదిగానే చెప్పి వెళ్ళారు. జీడిపప్పు పొట్లం అప్పటికింకా ఇవ్వలేదు. ఇప్పుడిస్తే బాగోదని ఊరుకున్నారు.

నాలుగు రోజుల్లోనే ఆదివారం వచ్చింది. నాన్నమ్మ చార్మినార్ చూడాలంది. చూపిస్తానన్నాడు కొడుకు. ఎలా వెళ్ళాలో మాత్రం అతనికి తెలియదు! పాలబ్బాయిని అడిగాడు. ఐదేళ్ళు దాటింది ఈ నగరంలో. వాటర్ ట్యాంకర్ ఎన్నింటికొస్తుందో తెలుసు, ప్లంబరు ఎక్కడుంటాడో తెలుసు, ఏ ఫ్లాటువాళ్ళు ఏ మందులు వాడతారో కూడా తెలుసు. చార్మినార్ తెలియదు. ఇద్దరిలో ఒకరు గేటు దగ్గర ఉండి తీరాలి. ఇద్దరూ కలిసి బయటికెళ్ళిన రోజంటూ లేదు. చుట్టాలొస్తే తప్ప సొంత ఊరి వింతలు చూడనివాళ్ళు ఫ్లాట్లలోనూ ఉంటారు. వాళ్ళది బద్ధకం. వీళ్ళకి అది కూడా లేదు.

మరి ఈ ఆదివారం గేటెవరు చూస్తారు? కోడలు ఉండిపోతానంది. తాత కుర్చీ లాక్కుని గేటు పక్కన కూర్చున్నాడు. ‘‘నేనున్నాను. మీరెల్లండి. సార్మినార్ నాకేటికి, టీవీలో సూసీసినాను.’’ తాత వాళ్ళ నాన్న రంగం వెళ్ళొచ్చిన మనిషి. అక్కడి దీపాల సంగతి చెప్పి చెప్పి చనిపోయాడు. ‘‘మీ నాన్న అవతలిది సూడనీలేదు, నువ్వు ఇవతలిది సూడవేటి?’’ అని నాన్నమ్మ దెప్పినా తాత కదలలేదు.

నలుగురూ మెట్రో ఎక్కారు. ఎస్కలేటర్ చూసి నాన్నమ్మ ఆగిపోయి, మెట్లెటున్నాయని అడిగింది. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో. చార్మినార్ ముందు నిలబడి కోడలు నోరు తెరిచింది. ‘‘ఇదేనా? ఇది మన ఊళ్ళోనే ఉన్నాదా?’’ మన ఊరు! ఐదేళ్ళలో ఆమె హైదరాబాద్‌ని ఆ మాట అనడం అదే మొదలు. 1591లో కట్టారని చెబితే పిల్లాడికి ఆనలేదు. లిఫ్టు లేదని మాత్రం చిన్నబోయాడు. మెట్లు 149. మోకాళ్ళ నొప్పి కదా వద్దంటే నాన్నమ్మ వినలేదు. ‘‘సింహాచలం మెట్లెక్కినదాన్ని, ఇదో లెక్కా?’’ ఆగి ఆగి ఎక్కేసింది. లాడ్‌బజార్‌లో కోడలికి గాజులు బేరమాడింది కూడా ఆవిడే. చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, టెక్కలి సంతలోలాగే గెలిచింది.

సాయంత్రం ట్యాంక్‌బండ్. నీళ్ళ మధ్య బుద్ధుడు. 1990లో అక్కడికి తీసుకెళ్తుంటే విగ్రహం జారి హుస్సేన్‌సాగర్‌లో పడిపోయిందనీ, రెండేళ్ళకి పైగా నీళ్ళ అడుగునే ఉండి 1992 డిసెంబరులో పైకి లేచిందనీ పక్కనున్న వేరుశనక్కాయలాయన చెప్పాడు. నాన్న శ్రద్ధగా విన్నాడు. కొడుకు ముందు కూర్చుని చూసేవాడిలా నగరాన్ని చూడటం అతనికి కొత్తగా ఉంది. ఆ పూట ఎవరికీ తలుపు తియ్యక్కర్లేదు. ఎవరూ పిలవరు. పెళ్ళాం పక్కన కూర్చుని గాజులు గలగలలాడించింది.

తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి తాత కుర్చీలోనే ఉన్నాడు. విజిటర్ల రిజిస్టరు నిండిపోయి ఉంది. అసలా పుస్తకంలో అంతకు ముందు వారం మొత్తానికీ ఆరు సంతకాలు లేవు. తాత వచ్చినవాడినల్లా ఆపాడట. మూడో అంతస్తువాళ్ళ బావమరిది సంతకం పెట్టనన్నాడట. పెట్టించాడు. సెక్రటరీ గారి డ్రైవర్‌తో కూడా పెట్టించాడు. ఇది విని కొడుక్కి చెమటలు పట్టాయి. పొద్దున్నే సెక్రటరీ గారు రానే వచ్చారు. రిజిస్టరు తిరగేశారు. ‘‘పెద్దాయన్ని ఇంకో నాలుగు రోజులుండమను’’ అని వెళ్ళిపోయారు. జీడిపప్పు అప్పుడిచ్చారు.

వెళ్ళే ముందు రాత్రి అమ్మ పిల్లాణ్ణి అడిగింది. ‘‘ఇక్కడే చదువుకుంటావా? ఈ వీధి చివర బడుంది.’’ ఎన్నాళ్ళుగానో ఆ మాట దాచుకున్నట్టుంది. ఫీజెంతో కూడా కనుక్కుని పెట్టుకుంది.

పిల్లాడు గది నాలుగు మూలలా చూశాడు. ‘‘తాతా మామ్మా ఎక్కడుంటారు?’’

అమ్మ అటు తిరిగి బట్టలు మడతపెట్టుకుంది. రెండు మడతలు సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టింది.

జూన్‌లో బడి తెరిచేసరికి నిమ్మాడలో అందరి నోటా విమానాలే. ఎర్రన్నాయుడు 1996లో కేంద్రమంత్రి అయినప్పుడు సందడి చేసిన ఊరే ఇది. ఇప్పుడు ఆయన కొడుకు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి అయ్యారు. బళ్ళో పిల్లలంతా ఎవరు ముందు విమానమెక్కుతారోనని పందేలు. అందులోనే ఒకడు గుర్తుపెట్టుకుని మనవాణ్ణి నిలదీశాడు. ‘‘ఏరా, ఐదంతస్తులున్నాయా నిజంగా?’’

‘‘ఉన్నాయి. లిఫ్టు కూడా ఉంది. నేనే నడిపాను. మా నాన్న గేటు తీస్తేనే గానీ ఒక్క కారు లోపలికి రాదు.’’

ఇదంతా నాన్నమ్మ చెవిన పడి, ఆ రాత్రే ఫోన్లో హైదరాబాద్ చేరింది. నాన్న చాలాసేపు నవ్వాడు. తర్వాత, ఆదివారం పాలబ్బాయి గేటు దగ్గర కూర్చుంటానన్నాడనీ, ఇద్దరూ కలిసి గోల్కొండ వెళ్తున్నామనీ చెప్పాడు. వచ్చే వేసవికి జూపార్కు పిల్లాడి కోసం అట్టేపెట్టారట.

తాత ఫోనందుకున్నాడు. గోల్కొండ గొడవ ఆయనకక్కర్లేదు. ‘‘ఆ మూడో అంతస్తు బావమరిది మళ్ళీ వచ్చినాడేటి? సంతకం పెట్టినాడా, లేదా?’’