పొద్దున పూట రెండు గంటలు

నాలాగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకి పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి. గంట దాటినా సడలవు. కాఫీ గ్లాసు పట్టుకోవడమే కష్టమైనప్పుడు తొమ్మిదింటికల్లా కీబోర్డు ముందు కూర్చోమంటే ఎలా? మధ్యాహ్నానికి చేతులు దారికొస్తాయి, అప్పుడు అందరిలాగే చేస్తాం.

ఈ జబ్బుకి నేను వేసుకునే మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. మర్నాడు వికారం, ఒళ్లంతా నీరసం. అందుకే శనివారం రాత్రి వేసుకుంటాను. ఆదివారం దానికే పోతుంది, సోమవారం ఆఫీసు నిలబడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ చేర్చారు, మంచి పని. మా జబ్బు పేరు లేదు. వేళ్లు వంకర్లు పోకముందే కదా మాకు ఆసరా కావాల్సింది!

మీ టీంలో ఎవరైనా పదకొండింటికి వచ్చి రాత్రి ఎనిమిది దాకా ఉంటానని అడిగితే, దయచేసి ఒప్పుకోండి.