అటక మీద దాక్కున్న వాచీ

లక్షలు పెట్టి మెకానికల్ వాచీ కొనాలనుకునేవాళ్లు షోరూమ్ కంటే ముందు చూడాల్సిన ఊరొకటుంది. స్విట్జర్లాండ్‌లో, ఫ్రాన్స్ సరిహద్దు పక్కనున్న లె లోక్ల్. పొరుగూరు లా షో ద ఫోన్‌తో కలిపి దీన్ని 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీధుల్లో నడుస్తుంటే ముందు కంటబడేవి కిటికీలే. వరసగా, బోలెడన్ని. సన్నపని చేసేవాళ్లకి వెలుగు కావాలి కదా!

నేను వెళ్లింది జెనిత్ కోసం. 1865 నుంచి వాళ్లది ఇదే ఊరు. 1969లో వచ్చిన వాళ్ల ఎల్ ప్రిమెరో మెషిన్ గంటకు 36,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనులో పదో వంతు కూడా కొలుస్తుంది. ఇంతలో క్వార్ట్జ్ వాచీలొచ్చాయి. చవక, పైగా టైమ్ కరెక్టు. 1975లో అమెరికా యాజమాన్యం మెకానికల్ తయారీ ఆపేయమంది. షార్ల్ వెర్మో అనే ఉద్యోగి మాత్రం పనిముట్లు, డ్రాయింగులు గుట్టుగా అటక మీదికి చేర్చి, ఏది ఎందుకో రాసిపెట్టాడు. మన భాషలో, మేనేజర్ డిలీట్ చేయమన్న కోడ్‌కి బ్యాకప్, అదీ డాక్యుమెంటేషన్‌తో సహా! 1980ల్లో ఆ సరుకుతోనే తయారీ మళ్లీ మొదలైంది. 1988లో రోలెక్స్ తన డేటోనాలో పెట్టింది కూడా ఈ మెషిన్‌నే, కాస్త మార్చి.

టైమ్ కోసమైతే వెయ్యి రూపాయల క్వార్ట్జ్ చాలు, అందులో అనుమానం లేదు. నాకు కావాల్సింది ఆ అటక కథ ఉన్న మెషిన్. కొత్తది నా జీతానికి అందదు కాబట్టి పాతవి వెతుకుతున్నా. డయల్ ఒరిజినలేనా, చివరి సర్వీసు ఎప్పుడైంది? ఈ రెండూ తేలకుండా అడ్వాన్స్ ఇవ్వను. ఇంట్లో అమ్మకి మాత్రం రేటు ఇంకా చెప్పలేదు.