మా రూంలో ముగ్గురికీ ఒకటే పిస్టల్

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి.

మేము ముగ్గురం. ఒకడిది చింతపల్లి వైపు, ఒకడిది అరకు వైపు, ఒకడిది పాడేరు దాటాక కొండ మీద ఊరు. విశాఖలో హాస్టల్లో ఒకటే రూం. మా మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా ముగ్గురికీ కలిపి ఒక పిస్టల్ ఉంది. ఉలిక్కిపడకండి, అది గాలి పిస్టల్. పోటీల్లో కాగితం మీద గురి కొట్టేది. 4.5 మిల్లీమీటర్ల సీసం గుండు, 10 మీటర్ల దూరం. మధ్యలో పది మార్కుల గుండ్రం అడ్డం కొలిస్తే 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తాం అంత. ఒంటి చేత్తో పట్టుకుని 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి.

ఫస్టియర్‌లో ఎన్‌సీసీలో చేరాం. పాయింట్ 22 రైఫిల్ ఫైరింగ్‌లో మా ముగ్గురి గుళ్లూ దగ్గర దగ్గరగా పడ్డాయి. అది చూసి సార్ మమ్మల్ని ఒక క్లబ్‌కి పంపారు. అక్కడ మూల పడేసిన పాత పిస్టల్ ఒకటి, గాలి నిలవట్లేదని 24 వేలకి అమ్మేస్తామన్నారు. మనిషికి ఎనిమిది వేలు. ఒకడు స్కాలర్‌షిప్ డబ్బు పెట్టాడు. ఒకడి అమ్మ మిరియాలు అమ్మి పంపింది. ఒకడు పెళ్లిళ్లలో రాత్రిళ్లు క్యాటరింగ్ పనికి వెళ్లాడు.

కొన్నాక తెలిసింది అసలు కష్టం. పొద్దున 200 బార్ గాలి నింపితే సాయంత్రానికి ముల్లు 120 దగ్గర ఉండేది. సబ్బు నీళ్లు బ్రష్‌తో పూసి చూస్తే సిలిండర్ అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. లోపలి రబ్బరు రింగు పోయింది. గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సామాను షాపుకెళ్లి అదే సైజుది తెచ్చి వేశాం. వారంలో నలిగిపోయింది. మళ్లీ వెళ్తే షాపాయన "ప్రెజర్ ఎంత బాబూ?" అని అడిగి, మెత్త రింగు ఆగదని 90 షోర్ గట్టిదనం ఉన్నది ఇచ్చాడు. ఖరీదు ఇరవై రూపాయలు. అప్పట్నుంచి గాలి నిలిచింది.

మాలాగ పాతది కొనేవాళ్లు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. సిలిండర్ విప్పి పక్కన పెట్టాకే, గొట్టం ఖాళీ అని చూసుకున్నాకే స్క్రూ మీద చెయ్యి వెయ్యాలి. రింగుకి సిలికాన్ గ్రీజు రాయాలి గానీ మిషను ఆయిల్ వద్దు, ఎక్కువ ఒత్తిడి గాలిలో నూనె అంటుకోగలదు. సిలిండర్ మీద తేదీ చూడాలి, పదేళ్లు దాటితే పోటీల్లో ఒప్పుకోరు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. మేము అరలీటరు నీళ్ల సీసా ట్రిగ్గర్‌కి వేలాడదీసి చూసుకునేవాళ్లం.

క్లబ్‌లో పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ టార్గెట్ పిస్టళ్లు రెండు ఉన్నాయి. కోచ్ పక్కన నిలబడితేనే చేతికి ఇస్తారు. ఒకటి వాల్తర్ జీఎస్‌పీ, మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది. బరువు ముందుకి ఉండి ముక్కు తక్కువ లేస్తుంది. రెండోది హెమర్లీ 208, మ్యాగజైన్ పిడి లోపల. అది అరచేతిలో కూర్చున్నట్టు ఉంటుంది. మాలో ఇద్దరికి మొదటిది నచ్చింది, అరకు వాడికి రెండోది. ఆ రాత్రి మెస్‌లో దీని మీదే గొడవ.

మా గాలి పిస్టల్లో ప్రతి గుండూ మనమే పెట్టుకోవాలి, ఊపిరి తీసుకోవడానికి టైముంటుంది. ఇది అలా కాదు. పేలిన వెంటనే బోల్టు వెనక్కెళ్లి ఖాళీ కేసు బయటకి విసిరి, తిరిగొస్తూ ఇంకోటి ఎక్కించేస్తుంది. 25 మీటర్ల పోటీ రెండో సగంలో టార్గెట్ మూడు సెకన్లే కనపడుతుంది, ఏడు సెకన్లు మాయమవుతుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యి లేపి ఒక్క షాట్. సీసం, మైనం మురికి పేరుకుంటే కేసు ఇరుక్కుంటుంది. అప్పుడు పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి రెండో చెయ్యి పైకెత్తాలి, కెలకకూడదు. 2021లో టోక్యోలో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలోనే పాడైంది. బాగుచేయించుకుని వచ్చి 575 కొట్టింది, ఫైనల్‌కి చేరలేదు. 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. వస్తువు మొరాయించిన రోజు ఆ సంగతి తలుచుకుంటాం.

సొంతంగా అలాంటిది కొనాలంటే ఆయుధ లైసెన్సు కావాలి. మా గాలి పిస్టల్‌కి అక్కర్లేదు. కాయితం మీద ఇది చిన్న తేడా. మన్యంలో మాత్రం ఆ తేడా చెప్పేలోపే బస్సు వెళ్లిపోతుంది.

దసరా సెలవులకి పిస్టల్ డబ్బా పట్టుకుని ఊరు బయల్దేరాం. ఘాట్ రోడ్డులో గంజాయి తనిఖీ. డబ్బా తెరవగానే ముగ్గుర్నీ దింపేశారు. బిల్లు చూపించాం, క్లబ్ లెటర్ చూపించాం, ఆధార్ చూపించాం. "కొండోళ్లకి పిస్టల్ ఎందుకురా?" అన్నారు. రెండు గంటలు రోడ్డు పక్క కూర్చోబెట్టి, కోచ్‌తో ఫోన్లో మాట్లాడాక వదిలారు. ఆ మాటకి జవాబు మాకు అప్పుడు రాలేదు. గోల్ఫ్ కర్ర పట్టుకున్నోణ్ణి ఎందుకని ఎవరూ అడగరు కదా.

ఊళ్లో ఇంకో పరీక్ష. పాడేరు వాడి అయ్య డబ్బా చూసి నులక మంచం మీంచి లేచిపోయాడు. "తుపాకీ ఉన్నోడి వల్లా నలిగాం, ఆడి కోసం ఎతుక్కుంటూ వచ్చినోడి వల్లా నలిగాం. మళ్లీ నువ్వు తేవాలేట్రా ఇంటికి?" మన్యంలో తుపాకీ కథ కొత్తది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి స్టేషన్ నుంచి తుపాకులు పట్టుకెళ్లిందని అందరం చదివాం. తర్వాత మన్యం ఎంత పడిందో పుస్తకంలో కంటే ఇళ్లలోనే ఎక్కువ చెప్పారు. అందుకే అయ్యతో వాదించలేదు. టార్గెట్ కాయితాలు తీసి చేతికిచ్చాం. చాలాసేపు చిల్లులు లెక్కపెట్టాడు.

"దీంతో ఏటి కొడతారు?"

"కాయితం, అయ్యా."

"పిట్టనీ, పందినీ కాదా?"

"కాదు."

"కాయితం కొట్టడానికి ఇరవై నాలుగు వేలా!" అని నవ్వాడు. ఆ నవ్వుతో ఇంట్లోకి రానిచ్చాడు గానీ, డబ్బా మాత్రం ఆ రాత్రి బియ్యం బస్తా వెనకాల పెట్టించాడు.

ఇప్పుడు అసలు విషయం. అరకు వాడు ఈ సెమిస్టర్ ఆగిపోయాడు. వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేదు, పొలం చూసేవాళ్లు లేరు. మా ముగ్గుర్లో ఎక్కువ స్కోరు వాడిదే, 541. వెళ్తూ తన ఎనిమిది వేలు అడగలేదు. మేమే అడిగాం, పిస్టల్ అమ్మేద్దామా అని. "అమ్మితే మళ్లీ కొనగలమా?" అన్నాడు. నెలకి వెయ్యి చొప్పున వాడికి పంపుతున్నాం, మూడు నెలలైంది. వాటా తీసేసినట్టు కాదు, వాడు వచ్చేదాకా అప్పు అనుకుంటున్నాం.

పిడి చెక్కకి పుట్టీ పెట్టి అరచేతికి తగ్గట్టు మలుచుకుంటారు. ముగ్గురికీ సరిపోవాలని చాలాసార్లు పెట్టి, గీకి, చివరికి బొటనవేలి కింద వాడి కోసం ఒక గడ్డ ఉంచాం. అది మా ఇద్దరి చేతులకీ గుచ్చుకుంటుంది. గీకెయ్యమని కోచ్ రెండుసార్లు చెప్పారు. ఇంకా గీకలేదు.

సెలవులకి డబ్బా పట్టుకుని ఊరెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బిల్లు, క్లబ్ లెటర్ రెండేసి జిరాక్సులు దగ్గర ఉంచుకోండి. కోచ్ నంబరు కాయితం మీద రాసుకోండి, ఘాట్‌లో సిగ్నల్ దొరికిన ఫోన్ మనది కాకపోవచ్చు. డిగ్రీ మధ్యలో ఆగినవాళ్లు మళ్లీ చేరడం గురించి తెలిసిన అన్నలు, అక్కలు కింద రాయండి. మా వాడికి చదివి వినిపిస్తాం.